వేరులేని పటాలు

కుసుమకోటి రాజచిత్రశాలలో వేలాడుతున్న మూడు వందల పన్నెండు పుష్పపటాలలో ఒక్కదానికైనా వేరు ఎందుకు లేదు?

నాలుగు తరాల పండితులు ఆ పటాల మీద పదకొండు వ్యాఖ్యానాలు రచించారు. రేకుల సంఖ్యను గురించి వాదించుకున్నారు. కేసరాల రంగును గురించి కలహించుకున్నారు. ఒక పువ్వుకు ఏ అప్సరస పేరు పెట్టాలో తేలక రెండు గురుకులాల శిష్యులు వీధిలో కొట్టుకున్నారు. ఈ ప్రశ్న మాత్రం వారికి తోచలేదు. అడిగిన ఒకే ఒక్క మనిషికి, మట్టి అంటినది రాజదృష్టికి తగదని చెప్పి పంపించారు. అది ఆచారం. ప్రశ్నకు అడ్డంగా నిలబడినంత మాత్రాన ఆచారం జవాబు కాజాలదు.

అడిగిన ఆ మనిషి పేరు రేవాంబ. వయసు యాభై ఎనిమిది. తోటమాలులు కాడలు కోసి, నీళ్లు చిలకరించి, వెండిపళ్లెంలో పెట్టి తెచ్చిన పూలను ముప్పై ఏళ్లుగా గీసిన చిత్రకారిణి. ఆమె ఇప్పుడు శ్వేతకూట పర్వతం ఎక్కుతున్నది. అది పంతొమ్మిదవ రోజు. ఆమె మోకాళ్లు ఆమె మాట వినడం మానేసి అప్పటికి మూడు రోజులైంది.

కారణం యువరాణి మృణాళిని. తనను రాజ్యసంరక్షకుడిగా నియమించమని అడిగి, కాదనిపించుకున్న కాకోదరుడనే మాంత్రికుడు ఆమెను శపించాడు. నాటి నుంచి యువరాణి పాదాల మొదలుకొని రోజుకు ఇంత చొప్పున శిలగా మారుతున్నది. తుషారనీలమనే కొండపువ్వు గడ్డను పిండి, మూడు చుక్కల రసం నాలుక మీద వేస్తే శాపం విడిపోతుంది. అచ్చం అదే పువ్వు పూసే మరొక మొక్క ఉన్నది. దాని గడ్డ రసం మూడు చుక్కలు పడితే యువరాణి ఆ క్షణమే తల వరకు శిల అవుతుంది. శపించినవాడు తన చేత్తో చంపితే శాపం వాడికే తిరిగి తగులుతుంది కనుక, శిల తల వరకు చేరేదాకా ఆగకుండా ఆమెను అంతం చేయడానికి కాకోదరుడికి మరొకరి చెయ్యి కావాలి.

రాజచిత్రశాలలోని రెండు వందల ఏడవ పటం తుషారనీలానిదే. ఆరు రేకులు, కుంకుమరంగు కేసరాలు, సన్నని కాడ. కాడ మట్టిని తాకవలసిన చోట బంగారు గీత. దాని కింద ఏమీ లేదు.

కొండ ఎక్కుతున్నవారు నలుగురు. ముందు తవిటమ్మ. ఆమె శ్వేతకూటపు గడ్డలు తవ్వి బతికే కులానికి చెందిన కొండమనిషి. యాభై ఏళ్లు దాటినా మేకలా నడుస్తుంది. ఆమె వెనుక ఆచార్య వల్కలదేవుడు, ఆస్థాన వృక్షశాస్త్రవేత్త. పదకొండవ వ్యాఖ్యానం ఆయనదే. ఆ వెనుక రేవాంబ. అందరి మూటలూ మోస్తూ చివరన కేతడనే మోతగాడు. ఆ మోతగాడు యువరాణి తమ్ముడు అరుణకేతుడని రేవాంబకు ఒక్కతెకే తెలుసు. కాకోదరుడి వేగులు రాకుమారుడి కోసం ప్రతి దారినీ కాస్తున్నారు గనుక అతడు మీసం తీసేశాడు, జుట్టు కత్తిరించుకున్నాడు, భుజాలు కాయలు కాసే వరకు మూటలు మోశాడు.

అతని మెడలో ఒక స్ఫటికపు తాయెత్తు ఉన్నది. యువరాణి శరీరంలో శిల ఎంత ఎత్తుకు ఎక్కితే స్ఫటికంలో నల్లని గీత అంత ఎత్తుకు ఎక్కుతుంది. ఆ ఉదయానికి అది నడుమును దాటింది. తల వరకు చేరడానికి ఇక ఐదు రోజులు. తుషారనీలం పూసే లోయ దిగువన నదిలో తెప్ప కట్టి ఉన్నది. ప్రవాహం వెంట కోటకు నాలుగు రోజులు. మిగిలింది ఒక్క రోజు, ఈ రోజు.

గృధ్రకనుమ దగ్గర దారి మూరెడు వెడల్పుకు సన్నబడింది. ఒకవైపు నిట్టనిలువు గోడ, మరొకవైపు అడుగు కనబడని అగాధం. గోడకు ఆనుకుని గుండ్రాళ్లు వరసగా ఉన్నాయి. తవిటమ్మ ఆగి, వెనక్కి తిరిగి, చిన్న గొంతుతో హెచ్చరించింది.

"అమ్మగోరూ, ఎచ్చగున్న రాయి మీద సెయ్యెయ్యకండి. సల్లగుంటే అది రాయి. ఎచ్చగుంటే అది రాయి కాదు."

రేవాంబ విన్నది. విని కూడా, రెండు వందల అడుగులు నడిచిన తరువాత, కాలు వణికి, పడబోతూ, దొరికిన రాతి మీద చెయ్యి వేసింది. రాయి వెచ్చగా ఉన్నది. అలసిన మనిషికి ఆ వెచ్చదనం హాయిగా తోచింది. ఆ లోపాన్ని ఆమె తరువాత ఎన్నడూ క్షమించుకోలేదు.

రాతిలో పసుపుపచ్చని కన్ను తెరుచుకున్నది.

వరసలోని రాళ్లన్నీ ఒక్కసారి రెక్కలు విప్పాయి. నలభై శిలాగృధ్రాలు కనుమను చీకటి చేసి లేచాయి. కేతడు మూటలు పారేసి గునపం గిరగిరా తిప్పాడు. ఒక దాని ముక్కు పగిలి గులకరాళ్లలా రాలింది. మరొకటి రేవాంబ మీదికి దూకింది. తవిటమ్మ ఆమెను నడుము పట్టి గోడ నెర్రెలోకి నెట్టింది. ఆ నెర్రెలో ఇద్దరికి చోటు లేదు. గద్దరెక్క తవిటమ్మ కుడిభుజాన్ని రోకలిపోటులా మోదింది. ఎముక విరిగిన చప్పుడు రేవాంబకు స్పష్టంగా వినబడింది. అంతలో కేతడు గునపాన్ని పెద్దగృధ్రపు రెక్క కిందికి దించి అగాధంలోకి తోశాడు. అది పడిపోతూ వేసిన కేకకు మిగిలినవి దాని వెంట దిగిపోయాయి.

ఇదంతా ఊపిరి నాలుగుసార్లు పీల్చేంతలో ముగిసింది. ఆచార్యులవారు కనుమ మధ్యలోనే నిలబడి ఉన్నారు. ఆయన ఉత్తరీయం కూడా నలగలేదు. ఒక్క గద్దయినా ఆయన వైపు వెళ్లలేదు. తాను జపించిన మంత్రం ఫలించిందని ఆయన శాంతంగా చెప్పారు. ఆ మంత్రం మరో ముగ్గురికి ఎందుకు పనిచేయలేదని రేవాంబ అడగలేదు. అడిగే ఓపిక లేకపోయింది. చూసినదాన్ని మాత్రం మనసులో ఒక పక్కన పెట్టుకున్నది.

కనుమ దాటగానే లోయ తెరుచుకున్నది.

కరిగీ కరగని మంచుపొరను నెత్తితో పొడుచుకుని పైకి వచ్చిన పసుపుపచ్చ దొన్నెపూలు. వాటి వెనుక వంగపండు రంగు బంతులను ఎత్తిపట్టి గాలికి ఊగుతున్న అడవి ఉల్లిపూలు. రాతినెర్రెలలో గుప్పెడు మట్టినే రాజ్యంగా ఏలుతున్న తెల్లని చుక్కపూలు. సెలయేటి అంచున తలలు వంచి నిలిచిన చారల గంటలు. గంటకొక నీటిబొట్టు, బొట్టుకొక సూర్యుడు. వీటన్నిటి నడుమ, మోకాలెత్తున, ఆకాశపు పెంకులు ఊడి వాలు మీద పడినట్టు వేలకొద్దీ తుషారనీలాలు.

రేవాంబ ఉన్నచోటనే కూలబడింది. రెండు వందల ఏడవ పటంలోని నీలం తప్పని మొదట గమనించింది. ముప్పై ఏళ్లలో తాను గీసినవన్నీ చచ్చిన పూలేనని ఆ తరువాత గ్రహించింది. కళ్లలో నీళ్లు తిరిగితే, అది అలసట అనుకుని చెంగుతో తుడుచుకున్నది.

కేతడు విరిగిన భుజానికి కట్టు కడుతూ, వీటిలో ఏది మంచిదని తవిటమ్మను అడిగాడు. ఆమె పెదవులు నీలిరంగుకు తిరిగినా నాలుక పదును తగ్గలేదు.

"పువ్వునేటి సూత్తావురా కేతిగా. పువ్వు అందరికీ ఒకేలా నవ్వుతాది. సెయ్యి పెట్టి సూడాల. మాకాడ పువ్వుకి పేరే నేదు. మూరగడ్డ, జానగడ్డ. అంతే."

ఆమె మిగిలినది విడమరిచి చెప్పింది. మూరగడ్డకు చలి అంటే భయం. వేళ్లతో మట్టిని పట్టుకుని, ఏటేటా తనను తానే కిందికి లాక్కుంటుంది. పెరిగిన గడ్డ మట్టిలో సరిగా మూరెడు లోతున, అంటే మోచేతి వరకు చెయ్యి దిగేంత లోతున ఉంటుంది. ప్రాణం నిలిపేది అదే. జానగడ్డ సోమరి. పుట్టినచోటనే, జానెడు లోతున, మణికట్టు మునిగేంతలోనే పడి ఉంటుంది. ప్రాణం తీసేది అది. పైకి తీసి, మట్టి దులిపి, పక్కపక్కన పెడితే రెండింటినీ కన్నతల్లి అయినా పోల్చుకోలేదు.

కనుక గడ్డలు తవ్వే కులానికి మూడు కట్టుబాట్లు ఉన్నాయి. పైమట్టిని గునపంతో వదులు చేయవచ్చు గాని, గడ్డకు ఇనుము తగలకూడదు. చివరికి చేత్తోనే తీయాలి. గోతిలో తల్లిగడ్డను విడిచిపెట్టి, దానికి అంటుకున్న పిల్లగడ్డనే తీసుకోవాలి. మూడవది ఆమె తన నోటితోనే చెప్పింది.

"రోగిస్టి ఇంటికి సేరేదాకా సెయ్యి కడగొద్దు. సెయ్యి మీద మట్టే దాని పేరు. కడిగినావో, పేరు పోనాది."

తవిటమ్మ చెయ్యి విరిగింది కనుక తవ్వవలసినవాడు కేతడే అయ్యాడు. ఇక్కడ రేవాంబ ఒక కోరిక కోరింది. రెండు గడ్డలనూ తవ్వించి, పక్కపక్కన పెట్టి, వేళ్లతో సహా గీయాలని. కుసుమకోటిలో మరొకరు ఇలా ప్రాణాలు అరచేత పట్టుకుని కొండ ఎక్కే అవసరం ఉండకూడదని. న్యాయమైన కోరిక. ప్రమాదకరమైన కోరిక కూడా. విషపుగడ్డను మంచిగడ్డ పక్కన చేర్చినది రేవాంబేనని ఈ కథ దాచిపెట్టదు.

కేతడు ఎడమచేతితో జానగడ్డను తీశాడు; మట్టి మణికట్టు వరకు అంటింది. బోర్లా పడుకుని కుడిచేతితో మూరగడ్డను తీశాడు. మట్టి మోచేతి వరకు అంటింది. రెండు తల్లులూ గోతులలోనే ఉండిపోయాయి. ఎడమచేతిలో మరణం, కుడిచేతిలో అక్క ప్రాణం పట్టుకుని, వాలు దిగి వచ్చి, రేవాంబ పరిచిన గుడ్డ మీద పెట్టాడు. ఆమె రంగులరాతి మీద నీలం నూరసాగింది.

ఆచార్యులవారు జాలిగా తవిటమ్మ పక్కన కూర్చున్నారు. నొప్పి తగ్గిస్తుందని ఒక కషాయం తాగించారు. తవిటమ్మ ముఖం వికారంగా పెట్టి, కుడితి ఇంతకన్నా నయమని గొణిగి, కళ్లు మూసింది. ఆ కళ్లు మళ్లీ తెరుచుకోలేదు. రేవాంబ లేచి వెళ్లి చూసింది. ఊపిరి ఆడుతున్నది, పిలిస్తే పలుకు లేదు. చెంపలు తట్టినా, నుదుట మంచు పెట్టినా కదలిక లేదు. ఆమె తిరిగి వచ్చేసరికి గుడ్డ మీద గడ్డలు లేవు.

కేతడు సెలయేటి దగ్గర నుంచి వస్తున్నాడు. రెండు చేతులూ శుభ్రంగా మెరుస్తున్నాయి. ఒకే దోసిట్లో రెండు గడ్డలున్నాయి, కడిగిన ముత్యాల్లా తెల్లగా, గుండ్రంగా, ఒక్క వేరు కూడా లేకుండా.

రేవాంబ దోసిలి మీదికి వంగి చూసింది. వేళ్లు ఏవని అడిగింది.

"చాకుతో కోసి నీళ్లలో పారేశాను" అన్నాడు. అన్న తరువాత తాను ఏమి చెప్పాడో తనకే వినబడింది.

పంతొమ్మిది రోజులు అతడు ఎండుగంజి తాగాడు, తిట్లు పడ్డాడు, రాళ్ల మీద పడుకున్నాడు. మారువేషం అన్నిటినీ మార్చింది గాని ఒక్క అలవాటును మార్చలేకపోయింది. పుట్టినది మొదలు ఇరవై ఏళ్లు అతని చేతికి ఇంత దుమ్ము అంటితే పన్నీటితో కడిగారు. అతని ముందుకు వచ్చిన ప్రతి కందనూ, ప్రతి దుంపనూ తొలిచి, తోమి, వేరు కోసి తెచ్చారు. అక్క నోటికి చేరవలసిన మందు మట్టితో ఉండరాదని అతని చేతులే, అతన్ని అడగకుండా, నిర్ణయించుకున్నాయి. మూడు వందల పన్నెండు పటాలు నేర్పిన పాఠం అది. బాగా నేర్చుకున్నాడు.

"విచారించవలసిన పని లేదు" అన్నారు ఆచార్యులవారు దగ్గరికి వచ్చి. "నీ కుడివైపున ఉన్నదే, నాయనా. ఆ అడుగున సన్నని గీత చూశావా. తుషారనీలానికే ఆ గీత ఉంటుంది. దాన్ని మూటలో కట్టు. రెండవదాన్ని అగాధంలో పారెయ్యి."

కేతడి ముఖం వికసించింది. కట్టబోయాడు. రేవాంబ చెయ్యి చాచి అతని మణికట్టు పట్టుకున్నది.

"ఆచార్యా, ఈ గీతను మీరు ఏ పటంలో చూశారు?"

గ్రంథాలలో చదివానని ఆయన బదులిచ్చారు. ఏ గ్రంథంలోనని ఆమె అడిగింది. వ్యాఖ్యానాలలోనని ఆయన అన్నారు.

"పదకొండు వ్యాఖ్యానాలకూ నకళ్లు రాసింది నేను" అన్నది రేవాంబ. ఆమె గొంతులో కోపం కూడా అలసిపోయి ఉన్నది. "మీ వ్యాఖ్యానానికి రెండుసార్లు రాశాను, మీకు అక్షరాలు గుండ్రంగా లేవనిపించి. బంగారు గీత కింద ఏముంటుందో వాటిలో ఒక్క మాట లేదు. వల్కలదేవుడు తన జీవితంలో ఒక్క గడ్డను కూడా చూడలేదు. కందిపచ్చడి అన్నంలో కంది కాయో దుంపో ఆయనకు తెలియదు. నువ్వు ఎవరివి?"

ఆచార్యులు నవ్వారు. చెప్పులు విడిచినంత తేలికగా ముఖాన్ని విడిచారు. ముడతలు జారిపోయాయి, తెల్లగడ్డం పొగలా చెదిరిపోయింది. నిప్పురంగు కళ్లతో కాకోదరుడు నిలబడి ఉన్నాడు.

"ముసలిదానా, నీ ప్రశ్న బాగుంది. నాకు దానికన్నా మంచి సంగతి ఒకటి దొరికింది" అని, కేతడి వైపు తిరిగాడు. "పంతొమ్మిది రోజులు నా మూట మోశావు. నేను గుర్తుపట్టలేదు. కాని మోతగాడెవడూ గడ్డను కడగడు. నమస్కారం, అరుణకేతా."

మాట ముగియకముందే రాకుమారుడు గునపం విసిరాడు. కాకోదరుడు నల్లడేగ రూపం ఎత్తి లేచాడు. గునపం ఎడమరెక్కను చీల్చుకుని పోయింది. అయినా డేగ కిందికి దూసుకువచ్చి, దోసిట్లోని రెండు గడ్డలనూ కాళ్లతో పెరికి, అగాధంలో వదిలేసింది. గాయంతో ఒరుగుతూ శిఖరం మీదికి ఎక్కి, మూడుసార్లు కూసింది. ఆ కూతకు శ్వేతకూటం నెత్తిన మేఘం నల్లబడింది.

మొదట వడగళ్లు పడ్డాయి. నిమ్మకాయలంత వడగళ్లు. రేవాంబా రాకుమారుడూ తవిటమ్మను ఈడ్చుకుంటూ ఒక బండచరియ కిందికి చేర్చారు. పసుపు దొన్నెలు చితికిపోయాయి. చారల గంటలు తెగిపడ్డాయి. నీలిరేకులు వాలంతా చింపిన గుడ్డపేలికల్లా ఎగిరాయి. తరువాత మంచు కురిసింది. అది ఆగేసరికి లోయలో పువ్వన్నది లేదు. రెండు గోతులు ఎక్కడున్నాయో ఆనవాలు లేదు. తెల్లని వాలు, దాని మీద నిశ్శబ్దం.

రాకుమారుడు తాయెత్తును అరచేతిలో పట్టుకుని చూస్తున్నాడు. నల్లగీత పక్కటెముకలకు చేరింది.

"మా అక్కను నేనే చంపాను" అన్నాడు. "ఇక పువ్వు కూడా లేదు."

"పువ్వు ఎప్పుడు పనికి వచ్చింది?" అన్నది రేవాంబ.

అతడు తల ఎత్తాడు. ఆమె లేచి నిలబడటానికి రెండుసార్లు ప్రయత్నించి, మూడవసారి బండను పట్టుకుని, అది చల్లగా ఉన్నదని నిర్ధారించుకుని, నిలబడింది. మేఘం కరిగేలోగా డేగ గాయం మాన్పుకుంటుందని, అది తిరిగి వస్తే గడ్డ తీయడానికి వ్యవధి ఉండదని అతనికి చెప్పింది. వడగళ్లు రేకులను కొట్టగలవు గాని మట్టిలోకి దిగలేవని చెప్పింది. ఈ వాలు కింద వేల గడ్డలు ఎక్కడివి అక్కడే పడుకుని ఉన్నాయి. ఒక్కొక్కటీ తన పేరును తన లోతుగా మోస్తూనే ఉన్నది.

"బోర్లా పడుకో, కుమారా. చెయ్యి దించు. ఈసారి కడిగావంటే ఆ చేతిని నేనే నరుకుతాను."

అతడు పడుకున్నాడు. ఆమె ఒడిలో పటపుగుడ్డ పరుచుకుని, కుంచె పట్టుకున్నది. ముప్పై ఏళ్లలో మొదటిసారిగా పటానికి పై భాగం విడిచిపెట్టి, మట్టిగీత దగ్గర మొదలుపెట్టి, కిందికి గీయసాగింది.

రాకుమారుడు మంచును పొడిచి, మంచు కింది మట్టిని గుచ్చి, చేతిని దించుతూ పోయాడు. వేళ్లు కొంకర్లు పోయాయి. మణికట్టు మునిగింది. ముంజేయి సగం మునిగింది. మోచేయి మునిగే వేళకు అతని ముఖంలో వెలుగు వచ్చింది.

"తగిలింది, అమ్మా. మెత్తగా, గుండ్రంగా. మోచేతి లోతు."

శిఖరం మీద డేగ రెక్కలు విప్పింది. మేఘం అంచు పలచబడుతున్నది. రాకుమారుడు పట్టు బిగించి లాగబోయాడు.

"ఆగు" అన్నది రేవాంబ. "అందులో మంచు ఎంత, మట్టి ఎంత?"

అతడు ఆగిపోయాడు. ఎందుకు ఆగాడో అతనికి తెలుసు. వాలు మీద మంచు జానెడు మందాన పేరుకుని ఉన్నది. డేగనీడ వాలు మీదుగా వారి వైపు జారుతున్నది. స్ఫటికంలో నల్లగీత మరో వెంట్రుకవాసి పైకి పాకింది.

ఇప్పుడు ఈ పుస్తకాన్ని ఒడిలో పెట్టి, మీ కుడిచెయ్యి చాచండి. ప్రాణం నిలిపే గడ్డ ఎంత లోతున ఉంటుందో, ఆ లోతును ఎక్కడి నుంచి కొలవాలో, అతడు ఆ గడ్డను లాగాలో వదలాలో, మీ చేతి మీద మీరే వేలితో గీత గీసి చూపించండి. చూపించలేకపోతే మీరు కూడా ఇంతసేపూ పూలనే చూశారన్నమాట. వెనక్కి వెళ్లి, మొదటి వాక్యం నుంచి మళ్లీ చదవండి. అంతవరకు అతని చెయ్యి ఆ గోతిలోనే ఉంటుంది.